లేపినవారే తోడుండాలి: కుండలినీ సాధన నేర్పే గురువులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గురువులకు, యోగా శిక్షకులకు నమస్కారం.

ఆశ్రమంలో సంప్రదాయం ప్రకారం దీక్ష ఇచ్చేవారికి, శని ఆదివారాల శిబిరాల్లో వందల మందిని ఒకేసారి కూర్చోబెట్టి ప్రాణాయామం చేయించేవారికి, ఆన్‌లైన్ క్లాసుల్లో శరీరంలోని శక్తికేంద్రాలైన చక్రాల గురించి చెప్పేవారికి, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ విద్య మీద నాకు నమ్మకం లేక కాదు. ఒక గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చాలా ఏళ్లుగా సాధనలో ఉన్నాను. ఇప్పుడు కొద్దిమందికి ఆసనాలు, తేలికపాటి ప్రాణాయామం నేర్పుతున్నాను. వెన్ను అడుగున నిద్రపోతూ ఉండే కుండలిని అనే శక్తి ఉందనీ, అది మేలుకుంటే మనిషి లోపలినుంచి మారతాడనీ మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ నమ్మకం ఉంది కాబట్టే ఇంత బాధ.

మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. ఒక మనిషిలో ఆ శక్తిని కదిలించే పని మీ చేతుల్లోకి తీసుకుంటే, అది కదిలాక కూడా మీరు ఆ మనిషికి దొరకాలి. దొరకడం కుదరదనుకుంటే ఆ సాధన ఇవ్వకండి. ఆసనాలు చెప్పండి, ముక్కు రంధ్రాలు మార్చి మెల్లగా ఊపిరి తీసే నాడీశోధన చెప్పండి, జపం చెప్పండి. వాటితోనే బాగుపడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

మనలో చాలామందికి కుండలిని అన్న మాట యోగా క్లాసులో పరిచయమైంది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు లలితా సహస్రనామం చదువుతుంటే చెవిన పడింది. ‘మూలాధారైకనిలయా బ్రహ్మగ్రంథివిభేదినీ’ అని మొదలై, మణిపూర చక్రంలో విష్ణుగ్రంథి, ఆజ్ఞాచక్రంలో రుద్రగ్రంథి అనే ముడులను ఛేదించుకుంటూ అమ్మవారు నడినెత్తిన ఉన్న సహస్రారానికి చేరే దారంతా ఆ నామాల్లోనే ఉంది. ఆ వెంటనే ‘కుండలినీ బిసతంతుతనీయసీ’ అని వస్తుంది. తామరతూడు లోపలి దారమంత సన్ననిది అని. అర్థం తెలియని వయసులోనే ఆ నామాలు మనకు నోటికి వచ్చేశాయి. అర్థం తెలిశాక నాకు పట్టుకున్నది ఆ సన్నదనమే. అంత సుకుమారమైనదాన్ని, పైగా అమ్మ అని పిలుచుకునేదాన్ని, ఇన్ని రోజుల్లో లేపి చూపిస్తామని ప్రకటన వేయడానికి మనసెలా ఒప్పుతుంది?

శాస్త్రం మీకు నేను చెప్పేంతదాన్ని కాదు. అయినా ఒక్క విషయం గుర్తుచేయక తప్పదు. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయం కుండలినితోనే మొదలవుతుంది. కొండలతో అడవులతో నిండిన భూమికి ఆదిశేషుడు ఎలా ఆధారమో, యోగ తంత్రాలన్నిటికీ కుండలి అలా ఆధారం అంటాడు. రెండో శ్లోకంలోనే షరతు పెట్టేశాడు: ‘సుప్తా గురుప్రసాదేన యదా జాగర్తి కుండలీ’. నిద్రపోతున్న కుండలి గురువు అనుగ్రహంతో ఎప్పుడు మేలుకుంటుందో, అప్పుడే పద్మాలూ గ్రంథులూ విచ్చుకుంటాయి. ఈ శ్లోకం మీ పోస్టర్ల మీద చాలాసార్లు చూశాను. దానికి ముందు అధ్యాయంలో ఇంకో శ్లోకం ఉంది. సింహాన్నీ ఏనుగునీ పులినీ ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటామో ప్రాణవాయువునీ అలాగే చేసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుంది అని. తప్పుగా చేసిన ప్రాణాయామం వల్ల ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి, కంటినొప్పి వస్తాయని పేరుపేరునా చెప్పాడు. ఈ శ్లోకాలు మాత్రం ఏ పోస్టర్ మీదా నాకు కనబడలేదు.

కొలిమితిత్తిలా వేగంగా ఊపిరి తీసి వదిలే భస్త్రిక కుండలిని త్వరగా లేపుతుందని ఆ గ్రంథంలోనే ఉంది, నిజమే. కానీ ఆ మాట వచ్చేసరికి ప్రాణం నడిచే దారులైన నాడుల శుద్ధి గురించి చెప్పడం పూర్తయిపోయింది. నాడులు మలంతో నిండి ఉన్నంతకాలం వాయువు మధ్యమార్గమైన సుషుమ్నలోకి పోదని అంతకు ముందే స్పష్టంగా అన్నాడు. ముందు ఆసనం, ఆ తర్వాత ఊపిరి బిగబట్టే కుంభకాలు, ఆపైన ముద్రలు, చివరికి లోపలి నాదం మీద మనసు నిలిపే నాదానుసంధానం. ఈ వరుసను ఎవరో సరదాకి పెట్టలేదు. శిబిరం మొదటి రోజు పొద్దున ఆసనాలు, మధ్యాహ్నం భస్త్రిక, సాయంత్రం గొంతు, పొట్ట, మూలం బిగించే మూడు బంధాలతో కుంభకం, రాత్రికి చక్రధ్యానం అని టైమ్‌టేబుల్ వేసినప్పుడు ఆ వరుస పేరుకు మిగిలింది కానీ, ఒక్కో మెట్టుకీ మధ్య ఉండాల్సిన కాలం ఎగిరిపోయింది.

ఆ కాలంలో గురువు ఏం చేస్తాడో నేను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతాను. మా గురువుగారు ఎదురుగా కూర్చుని మా ముఖం వైపు చూసేవారు కాదు. గొంతు కిందా, మెడ పక్కనా ఉండే కండరాల మీదే ఆయన దృష్టి ఉండేది. ఊపిరి తీసేటప్పుడు అక్కడ తాడులా బిగిస్తే ‘ఆపు’ అనేవారు. ఎందుకండీ అని అడిగితే, ‘అది నువ్వు తీసుకుంటున్న ఊపిరి కాదమ్మా, లాక్కుంటున్న ఊపిరి’ అనేవారు. రోజూ కూర్చోబెట్టే ముందు మూడు ప్రశ్నలు అడిగేవారు. రాత్రి నిద్ర పట్టిందా? కడుపు శుభ్రంగా ఉందా? ఇంట్లో ఎవరి మీదైనా అరిచావా? మూడింట్లో ఏ ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా ఆ రోజు కుంభకం ఊసే ఉండేది కాదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి వచ్చిపోతుంటే చూస్తూ ఉండమనేవారు. కుంభకం ఎప్పుడు మొదలుపెడతారు అని అడిగాను ఒకసారి. ‘ఎప్పుడు అని అడగడం మానేశాక’ అన్నారు. అప్పట్లో ఆ మాటకు చిరాకేసింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనూ అదే జవాబు ఇస్తున్నాను.

చక్రాల గురించి ఆయన చాలా తక్కువ మాట్లాడేవారు. వెన్నులో వెచ్చదనం వస్తోందని ఒకసారి సంబరంగా చెబితే, ‘వస్తుంది, పోతుంది, నీ పని నువ్వు చూసుకో’ అని ఊరుకున్నారు. ఆయన పట్టించుకున్న గుర్తులు వేరే ఉండేవి. కోపం వచ్చాక చల్లారడానికి ఇదివరకటికన్నా తక్కువసేపు పడుతోందా, ఎవరైనా పొగిడితే ఆ పొంగు ఎంతసేపు ఉంటోంది, పక్కవాడి కష్టం కంటికి ఆనుతోందా, ఇవి అడిగేవారు. సిద్ధులు సమాధికి అడ్డంకులని పతంజలి చెప్పిన మాటను ఆయన ఉపన్యాసంగా చెప్పలేదు కానీ, అలా బతికి చూపించారు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి. కొంతకాలం కిందట ఒక తల్లి తన కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చింది. చదువుకున్న కుర్రవాడు, మంచి ఉద్యోగం. ఏదో శిబిరానికి వెళ్లివచ్చాడు. దాని పేరు ఇక్కడ రాయను, ఆ ఒక్కదానితో పోయే సమస్య కాదిది. అక్కడ రోజుకు చాలాసేపు వేగంగా భస్త్రిక, ఊపిరి బిగబట్టడం, రాత్రి పొద్దుపోయేదాకా ధ్యానం చేయించారు. చివరి రోజు అతనికి ఒళ్లంతా కరెంటు పాకినట్టయింది, ఏడుపొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టడం మానేసింది. వీపు మండుతోందని చొక్కా విప్పుకుని తిరిగేవాడట. కూర్చుంటే చేతులు వాటంతటవే ఎగిరిపడేవి. శిబిరం వాళ్లకు ఫోన్ చేస్తే, ‘శుద్ధి జరుగుతోంది, భయపడకండి, సాధన ఆపొద్దు, ఇంకాస్త పెంచండి’ అన్నారు. పెంచాడు. తర్వాత ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి మాట ఆపడం అతని వశంలో లేదు. ఎదుటివాళ్ల ఆలోచనలు తనకు వినబడుతున్నాయన్నాడు. తనకొక పని అప్పగించబడిందన్నాడు. ఆ తల్లి నా చీర కొంగు పట్టుకుని, ‘అమ్మా, ఇది దేవుడి పనా, జబ్బా, ఏదో ఒకటి చెప్పండి’ అని అడిగింది. సాధన మొత్తం ఆపేయమన్నాను. కళ్లు మూసుకుని కూర్చోవద్దన్నాను. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమన్నాను, నేనూ వెంట వెళ్లాను. మందులతో ముందు నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక మాట నెమ్మదించింది. కోలుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు, సాయంత్రాలు నడుస్తున్నాడు, ధ్యానం పేరెత్తితే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. ఎంతో ఆర్తితో ఈ దారిలోకి వచ్చిన పిల్లవాడు. అతను మళ్లీ ఇటు చూడకపోవచ్చు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. అతనిలో నిజంగానే ఏదో కదిలిందేమో. లోపల ఎప్పటినుంచో ఉన్న జబ్బు నిద్రలేమితో బయటపడిందేమో. రెండూ కలిసే జరిగాయేమో. కానీ ఏది జరిగినా ఆ రాత్రి చేయాల్సిన పని ఒకటే: సాధన ఆపించడం, నిద్రపోయేలా చూడడం, డాక్టరుకు చూపించడం, పక్కన మనిషి ఉండడం. ఫోన్ ఎత్తినవాళ్లు ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే చాలు.

శిక్షకులకు ఒక మాట. వేగంగా, ఎక్కువసేపు ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడతాయి, తల తేలిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కుతుంది. ఇంకా కొనసాగిస్తే చేతివేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. ఏ మనిషికైనా, ఏ నమ్మకం ఉన్నా లేకపోయినా ఇది జరుగుతుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటే కాసేపట్లో తగ్గిపోతుంది. మీ శిష్యులు దీన్నే శక్తి పాకడం అనుకుంటున్నారు. మీలో కొందరు అవునని తలూపుతున్నారు. ఈ తేడా వాళ్లకు ముందే చెప్పండి. చెబితే కుండలిని మీద గౌరవం తగ్గుతుందని భయపడకండి. తిమ్మిరిని తిమ్మిరి అని చెప్పే గురువు, రేపు ‘ఇది నిజంగా వేరే సంగతి’ అన్నప్పుడు శిష్యుడు నమ్ముతాడు.

అలాగే రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, గ్లాకోమా, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు భస్త్రిక, కపాలభాతి, దీర్ఘ కుంభకం జోలికి పోకూడదని మీకందరికీ తెలుసు. దాన్ని హాల్లో మైకులో ఒకసారి చెప్పి వదిలేస్తే సరిపోదు. నలుగురిలో చెయ్యెత్తి ‘నాకు మూర్ఛ ఉంది’ అని ఎవరు చెబుతారు? విడిగా కూర్చోబెట్టి అడగాలి. ముఖ్యంగా ఇదివరకు మానసిక జబ్బు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఇవి అడగాలి. మనసు అతిగా పొంగడం, అతిగా కుంగడం జరిగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడమే ఉన్మాద దశను తెచ్చిపెట్టగలదు. మూర్ఛ మందులు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి, ప్రాణం మీదికి రావచ్చు. ‘ఇక్కడికి వచ్చాక మందులెందుకు’ అనే మాట మీ నోటినుంచి గానీ, మీ వాలంటీర్ల నోటినుంచి గానీ ఎప్పుడూ రాకూడదు. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

డాక్టర్లను శత్రువులుగా చూసే అలవాటు మనవాళ్లలో కొంత ఉంది. వాళ్లకు ఆధ్యాత్మికత తెలియదని, అన్నిటికీ పిచ్చి అని పేరు పెడతారని అంటారు. పూర్తిగా అలా లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన తన నిర్ధారణ గ్రంథంలో, మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య అనే అంశాన్ని జబ్బుల నుంచి వేరుగా చేర్చింది. 2017లో ధ్యానం మీద వచ్చిన ఒక పరిశోధనలో పాశ్చాత్య దేశాల్లో బౌద్ధ ధ్యానం చేసేవాళ్లనూ నేర్పేవాళ్లనూ అరవై మంది దాకా కూర్చోబెట్టి, సాధనలో ఎదురైన కష్టమైన అనుభవాలు అడిగి రాసుకున్నారు. భయం, నిద్రలేమి, ఒళ్లు అదరడం, ఒంట్లో శక్తి పరిగెత్తినట్టు ఉండడం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఇలాంటివి జరుగుతాయని ఒప్పుకుని వినే డాక్టర్లు, పరిశోధకులు ఉన్నారు. మీకు దగ్గరలో అలాంటి ఒక్క డాక్టరుతో ముందే పరిచయం పెట్టుకోండి. అవసరం వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

గురువు లేని సాధన ఎంత దూరం లాక్కెళ్తుందో తెలుసుకోవడానికి పండిత్ గోపీకృష్ణ జీవితం చాలు. కాశ్మీరులో ప్రభుత్వోద్యోగి. ఏళ్ల తరబడి రోజూ తెల్లవారుజామున సహస్రారం మీద ధ్యానం చేసేవారు. 1937 డిసెంబరులో ఒక ఉదయం వెన్నులోంచి వెలుగు జలపాతంలా తలలోకి దూసుకొచ్చిందని రాసుకున్నారు. అక్కడితో కథ సుఖాంతం కాలేదు. ఆ తర్వాత ఒళ్లంతా మంటలు, నిద్ర లేదు, తిండి సహించదు, చావు అంచుదాకా వెళ్లారు. ఇదేమిటో చెప్పగలవారి కోసం వెతికితే ఎవరూ దొరకలేదు. శక్తి మధ్యలోని సుషుమ్నలో కాక వేడినిచ్చే కుడి నాడి పింగళలో లేచిందని తనకు తానే ఊహించి, ఎడమవైపు ఉండే ఇడానాడిని తలచుకుని చల్లదనాన్ని తెచ్చుకుంటే గానీ ఆ మంట తగ్గలేదట. నిలకడ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆయనంతటి నిగ్రహం ఉన్న మనిషికే అంత పట్టింది. ఆయనకు దొరకని మనిషి స్థానంలో మీరున్నారు. ఆ స్థానం విలువ అదీ.

‘రమణ మహర్షికి గురువెవరు’ అని అడిగేవాళ్లు ఉంటారు. తనకు అరుణాచలమే గురువని ఆయనే చెప్పుకున్నారు. పైగా ఆయన ఎవరినీ భస్త్రిక చేసి కుండలిని లేపమనలేదు. నేనెవరో విచారించుకొమ్మన్నారు. అడిగేవాళ్ల స్థాయిని బట్టి జవాబు ఇస్తూ, యాభై ఏళ్లకు పైగా ఆ కొండ దగ్గరే ఉన్నారు. ఎవరు ఎప్పుడు వచ్చినా దొరికారు.

మన బ్రహ్మంగారి కథ మీ అందరికీ తెలిసిందే. ఆయన శిష్యుడు సిద్ధయ్యకు శరీరంలోని షట్చక్రాల గురించి, ఏ చక్రంలో ఏ దేవత ఉంటుందో చెబుతుంటే కక్కయ్య అనే అతను చాటుగా విన్నాడు. ఇంటికెళ్లి, ఆ దేవతలను కళ్లారా చూడాలని నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. లోపల రక్తమాంసాలు తప్ప ఏమీ కనబడలేదు. చెప్పిందంతా అబద్ధమని బ్రహ్మంగారి మీదికే వచ్చాడు. ఈ కథను మనం సాధారణంగా అనర్హుడి చెవిన పడిన రహస్యం ఎంత అనర్థం తెస్తుందో చెప్పడానికి వాడుకుంటాం. మిగతా సగం మర్చిపోతాం. బ్రహ్మంగారు ‘నేను నీకు చెప్పలేదుగా, నువ్వు దొంగచాటుగా విన్నావు, నాకేం సంబంధం’ అనలేదు. లేచి వెళ్లారు. ఆ ఇల్లాలిని బతికించారు. ఆమెలోనే కక్కయ్యకు ఆ చక్రాల సత్యం చూపించారు. కక్కయ్యను శిష్యుడిగా స్వీకరించారు. అంతకు ముందు అతనికి దీక్ష ఇవ్వలేదు, ఫీజు తీసుకోలేదు, కనీసం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేదు. అయినా తన మాట వల్ల జరిగిందానికి తనదే పూచీ అనుకున్నారు. మీరైతే పిలిచి, పేరు రాసుకుని, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నారు. మరి మీకు పూచీ ఎంత ఉండాలి?

ఈ విద్య రహస్యం, అన్నీ బయటపెట్టకూడదు అంటారు. ఒప్పుకుంటాను. హఠవిద్యను గుప్తంగా ఉంచాలని ప్రదీపికలోనే ఉంది. మంత్రం రహస్యంగా ఉంచండి, ముద్ర రహస్యంగా ఉంచండి. ప్రమాదాన్ని మాత్రం రహస్యంగా ఉంచకండి. ‘ఇలా జరగవచ్చు, జరిగితే వెంటనే ఆపేసి నాకు చెప్పు’ అన్నంత మాత్రాన ఏ మంత్రమూ బయటపడదు.

గురువు చేతిలో ఉండే అధికారం గురించి కూడా చెప్పాలి, చెప్పడం ఇబ్బందిగా ఉన్నా. సాధనలో మనసు కరిగిన సమయంలో శిష్యుడు పసిబిడ్డతో సమానం. ఆ సమయంలో గురువు ఏం చెప్పినా వేదంలాగే వినబడుతుంది. శిష్యుల విత్తం హరించే గురువులు చాలామంది ఉంటారు, సంతాపం హరించే గురువు దుర్లభం అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. విత్తంతో ఆగితే ఇంకా నయం. 1969 నుంచి అమెరికాలో కుండలినీ యోగం పేరుతో ఎంతో ప్రచారం పొందిన యోగి భజన్ మీద ఆయన మరణం తర్వాత మహిళలు లైంగిక ఆరోపణలు చేశారు. ఆయన వారసత్వ సంస్థలే ఒక స్వతంత్ర విచారణ జరిపించాయి. ఆ ఆరోపణల్లో చాలావాటికి నిజమయ్యే అవకాశమే ఎక్కువని 2020లో నివేదిక వచ్చింది. ఆ సాధననే ఊపిరిగా బతికినవాళ్ల పరిస్థితి ఏమై ఉంటుందో ఆలోచించండి. గురువు శిష్యుడిలోకి శక్తిని పంపే శక్తిపాతం కోసం ఒంటిని తాకాల్సి వస్తే ముందు అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. అమ్మాయిలతో విడిగా, తలుపులు మూసిన గదిలో ఏ దీక్షా అక్కర్లేదు. ‘ఈ అనుభవం ఎవరికీ చెప్పకు, ఇంట్లోవాళ్లకు కూడా’ అనే మాట మీ సంప్రదాయంలో ఉన్నా, ఒళ్లు బాగాలేనప్పుడు, భయం వేసినప్పుడు దానికి మినహాయింపు ఉందని నోరు తెరిచి చెప్పండి.

మీలో శ్రద్ధగా నేర్పేవాళ్లు ఉన్నారని నాకు బాగా తెలుసు. శిష్యుడి చేయి పట్టుకుని ఏళ్ల తరబడి నడిపించే పెద్దలు ఉన్నారు. పేరు కోరుకోకుండా, పదిమందికి మించి తీసుకోకుండా, ఒక్కొక్కరినీ కనిపెట్టుకుని ఉంటారు. ఒక అమ్మాయికి ధ్యానంలో ఒళ్లు ఊగడం మొదలైతే, ఆమె గురువు ఆ రోజు నుంచే ప్రాణాయామం మాన్పించి, వంటపని, తోటపని చేయమని, కడుపునిండా తినమని, చెప్పులు లేకుండా మట్టిలో నడవమని చెప్పారు. రోజూ సాయంత్రం స్వయంగా ఫోన్ చేసి కనుక్కునేవారు. కొన్ని వారాల్లో ఊపు తగ్గింది. ఆమె ఇప్పటికీ సాధనలో ఉంది, నెమ్మదిగా, సంతోషంగా. నేను పైన చెప్పిన కుర్రవాడికీ ఈమెకూ శరీరంలో జరిగింది దాదాపు ఒకేలా మొదలైంది. ఆ తర్వాత పక్కన ఎవరున్నారు అన్నదే తేడా.

కాబట్టి నా విన్నపం ఇది. చేర్చుకునే ముందు ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడండి. అంతమందితో మాట్లాడే తీరిక లేకపోతే అంతమందిని తీసుకోకండి. తీవ్రమైన సాధన ఇచ్చేటప్పుడు, ఏయే గుర్తులు కనబడితే ఆపేయాలో ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. నిద్ర పట్టకపోవడం, గుండెదడ తగ్గకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడడం, చనిపోవాలనిపించడం, తనకేదో మహాశక్తి వచ్చిందని ఆగలేకపోవడం, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వండి. రాత్రివేళ కూడా ఎత్తే ఒక నంబరు దాని మీద ఉండాలి. ఆ ఫోన్ ఎత్తేది వాలంటీరు అయితే, ‘సాధన పెంచండి’ అనే అధికారం ఆ వాలంటీరుకు ఉండకూడదు, ‘ఆపండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి’ అనే అధికారం ఉండాలి. శిబిరం అయిపోయిన మూడో రోజున ఒకసారి, నెలకు ఒకసారి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రకటనల్లోంచి రోజుల లెక్క తీసేయండి. అనుభవం వచ్చినవాళ్లను స్టేజీ ఎక్కించి చెప్పించడం మానేయండి, రానివాళ్లు తమకేదో లోపం ఉందని మరింత బలవంతంగా ఊపిరి బిగబడుతున్నారు. ‘నాకు వద్దు, ఆపేస్తాను’ అన్నవాడిని కర్మ అడ్డొచ్చిందనో, భాగ్యం లేదనో అనకండి. ఆపే హక్కు అతనిది.

ఇవన్నీ చేస్తే శిబిరాలు చిన్నవవుతాయి. మీ దగ్గరికి వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. కొందరు తొందరగా లేపుతామనే ఇంకో చోటికి వెళ్లిపోతారు కూడా. వెళ్లనివ్వండి. వాళ్లలో కొందరు ఏదో ఒక రోజు బెదిరిపోయి మీ దగ్గరికే తిరిగి వస్తారు. అప్పుడు చేరదీయడానికి మీరుండాలి.

చివరిగా ఒక పని, ఈ వారంలోనే చేయగలిగింది. మీ పాత రిజిస్టర్లు తీయండి. శిబిరం మధ్యలో వెళ్లిపోయినవాళ్లు, తర్వాత మళ్లీ కనబడనివాళ్లు, ఫోన్ చేస్తే మీవాళ్లు ‘శుద్ధి జరుగుతోంది’ అని పంపేసినవాళ్లు, వాళ్ల పేర్లు అందులో ఉంటాయి. మీ సహాయకులకు అప్పగించకుండా మీరే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగండి. వాళ్లు కోపంగా మాట్లాడినా మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. వైద్యం అవసరమైతే దగ్గరుండి ఇప్పించండి.

నమస్కారాలతో,
మీ దారిలోనే నడుస్తున్న ఒక సాధకురాలు